‘టీబీ కాదు’ అనే జబ్బు

లింబాయత్‌లో మా గల్లీలో దగ్గు రెండు రకాలు. మొదటిది దుమ్ము దగ్గు. మరమగ్గాన్ని మావాళ్ళు సాంచె అంటారు. సాంచెల మధ్య బతికే ప్రతివాడికీ అది ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. రెండోది టీబీ. అది వస్తే అందరూ పట్టించుకుంటారు, ముఖ్యంగా ఎవరు పట్టించుకోకపోతే బాగుండునని మనం అనుకుంటామో వాళ్ళు. దగ్గిన మనిషిని ఈ రెండు గంపల్లో ఏదో ఒకదాంట్లో వేసేస్తే గల్లీకి మనశ్శాంతి. మా అక్కకు మూడో రకం వచ్చింది. దానికి గంప లేదు.

నేను మున్సిపల్ తెలుగు మీడియం బడిలో తెలుగు చెప్తాను. సూరత్‌లో తెలుగు బడి ఏమిటని అడిగేవాళ్ళకు జవాబు చెప్పీ చెప్పీ విసిగిపోయి, ఇప్పుడు "ఉంది" అని ఊరుకుంటున్నాను. కరీంనగర్ వైపు నుంచి సాంచెల పనికి వచ్చిన కుటుంబాల పిల్లలు అందులో చదువుతారు. మా నాయన కూడా ఆ పనికే వచ్చాడు. అక్క పదిహేనో ఏట బాబిన్లు చుట్టడానికి కార్ఖానాకు పోయింది, నేను బడికి పోయాను. ఇంట్లో ఒక్కరికే చదువు అనుకున్నప్పుడు చిన్నదాన్నని నాకు దక్కింది. ఈ మాట అక్క ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తితే బాగుండేది, ఒకసారి పోట్లాడుకుని ఊరుకునేవాళ్ళం.

అక్కకు టీబీ అని మొదట చెప్పి అయిదేళ్ళవుతోంది. తెమడలో క్రిమి కనబడిందన్నారు. ఆరు నెలలు గోలీలు మింగింది. తగ్గినట్టే తగ్గి మళ్ళీ మొదలైంది. మళ్ళీ తెమడ, మళ్ళీ క్రిమి, మళ్ళీ గోలీలు. ఇంట్లోకి రెండోసారి అదే జబ్బు వచ్చేసరికి ఎవరూ బెంబేలెత్తలేదు, అలవాటైన చుట్టం వచ్చినట్టు చాప వేశాం.

అక్కకు ఒక గుణం ఉంది. డాక్టరు ఒక నియమం చెప్తే అది నాలుగు పెట్టుకుంటుంది. డాక్టరు మూతికి గుడ్డ కట్టుకోమన్నాడు, అంతే. అక్క తన కంచం, గ్లాసు వేరు చేసుకుంది. మెట్ల కింద పడక వేసుకుంది. మాట్లాడేటప్పుడు కొంగు అడ్డం పెట్టుకుని మొహం పక్కకు తిప్పడం మొదలుపెట్టింది. కొత్తవాళ్ళు చూస్తే ఆమె గోడతో మాట్లాడుతోందనుకుంటారు. బావ పోయి చాలా ఏళ్ళయింది కాబట్టి ఇదేమిటని అడిగేవాళ్ళు కూడా ఇంట్లో లేరు. పక్కింటి నుంచి వెళ్ళి నేనడిగితే, "నీకేం తెల్వదు, నువ్వు సదువుకున్నదానివి" అంది. అందులో తిట్టు ఎక్కడుందో నాకిప్పటికీ తెలియలేదు.

రెండో విడత గోలీలు నడుస్తుండగానే అక్క కొడుకు పెళ్ళయింది. కోడలు ఒకప్పుడు నా విద్యార్థిని. ఏడో తరగతి దాకా నా దగ్గరే చదివింది. సంధులు విడదీయడంలో మా బడిలో దాన్ని మించినవాళ్ళు లేరు. కోడలికి నెల తప్పిందని తెలిసిన వారంలోపే అక్క కొడుకును పిలిచి ఊరవతల కామ్‌రేజ్‌లో ఇల్లు చూసుకోమంది. కోడలు అత్తను వదిలేసి పోయిందని గల్లీ అంతా చెప్పుకున్నారు. వెళ్ళగొట్టింది అక్క. ఆ సంగతి ఎవరికీ చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకుంది. ఎందుకే అంటే, "నన్ను పాపం అనుకుంటే నాకేం పోతది" అంది.

పిల్లవాడు పుట్టాడు. ప్రతి ఆదివారం కొడుకూ కోడలూ బండి మీద వచ్చి గల్లీ మొదట్లో ఆగుతారు. కోడలు పిల్లవాణ్ణి పైకెత్తి చూపిస్తుంది. అక్క గడపలో నిలబడి చూస్తుంది. మధ్యలో షేరింగ్ ఆటో ఆగితే అది కదిలేదాకా ఇద్దరూ ఆగుతారు. వాడికి ఎనిమిది నెలలు నిండినా అక్క వాణ్ణి ఒక్కసారీ ముట్టుకోలేదు. ఒకరోజు నన్నడిగింది:

"బరువుంటడానే?"

"ఉంటాడు."

"ఎంత?"

నేను ఆలోచించి, ఒక తాకా అంత ఉంటాడన్నాను. తాకా అంటే సాంచె మీద నుంచి కోసి దింపిన వంద మీటర్ల గుడ్డ. అక్క చేతులు రెండూ ముందుకు చాపి, ఆ బరువును ఊహించుకుని, మళ్ళీ దించేసింది. నేను కొబ్బరినూనె సీసా వెతుకుతున్నట్టు నటించాను. నాకు ఏడుపొచ్చింది, ఆ సీసా నా ముందే ఉంది.

రెండో విడత కూడా అయిపోయి ఏడాది దాటినా దగ్గు మాత్రం అలాగే ఉండేసరికి మా వార్డు డాక్టరు పెద్దాసుపత్రిలో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి పంపాడు. ఆయన గుజరాతీ మనిషి, మాతో హిందీలో మాట్లాడాడు, నేను అక్కకు తెలుగులో చెప్పాను. తెమడను కొత్త మిషన్లో పెట్టి చూస్తే టీబీ లేదని వచ్చింది. అదే తెమడను గాజుపలక మీద వేసి చూస్తే క్రిమి ఉంది. ఈ తగాదా తీర్చడానికి ఆయన తెమడను పెద్ద ల్యాబుకు పంపాడు. అక్కడ దాన్ని వారాల తరబడి పెంచి చూసి, జవాబు రాసి పంపారు.

"ఇది టీబీ కాదు," అన్నాడు డాక్టరు. "టీబీకి చుట్టం. నాన్ ట్యూబర్‌క్యులస్ మైకోబాక్టీరియా."

నేను అనువాదం చేశాను. అక్క గోడ వైపు తిరిగి, "చుట్టమైతే ఆళ్ళింటికే పోవాలె గని నా తానకెందుకొచ్చింది?" అంది. ఇది డాక్టరుకు చెప్పలేదు.

ఈ క్రిమి నీళ్ళలో ఉంటుందట, మట్టిలో ఉంటుందట, పైపుల లోపల పాకుడులో ఉంటుందట. ఊపిరితిత్తులు అంతకుముందే దెబ్బతిని ఉంటే అక్కడ చేరి కూర్చుంటుందట. అక్క చివరి నాలుగేళ్ళు వాటర్ జెట్ కార్ఖానాలో పనిచేసిందని చెప్పాను. ఆ సాంచెల్లో నాడె ఉండదు, పోగును నీటి ధారే అవతలికి కొడుతుంది, రోజంతా గాలిలో సన్నటి తుంపర ఉంటుంది. అక్కడి నుంచి వచ్చిందా అని అడిగాను.

"వచ్చి ఉండొచ్చు. మీ స్నానాల గదిలోంచి కూడా వచ్చి ఉండొచ్చు. చెప్పలేం."

"అయితే మొదటిసారి వచ్చింది టీబీయేనా?"

"అదీ చెప్పలేం."

ఇన్ని చెప్పలేనివాటి మధ్య ఆ మనిషి చాలా స్థిమితంగా కూర్చున్నాడు. నాకు కొంచెం కోపం వచ్చింది.

"పోనీ, ఇది ఎంతమందికి ఉంటుంది సార్?"

"ఎక్కడ?"

"ఎక్కడైనా."

"కొన్ని దేశాల్లో టీబీ తగ్గిపోయింది, ఇప్పుడు ఇదే ఎక్కువ. వాళ్ళు లెక్క రాసుకుంటారు. ఒక చోట ఒక రకం క్రిమి, ఇంకో చోట ఇంకో రకం."

"మన దేశంలో?"

"వెతికినవాళ్ళకు దొరుకుతుంది."

"సూరత్‌లో?"

"నేను వెతుకుతున్నాను, కాబట్టి ఉంది."

"చిన్న ఊళ్ళల్లో?"

"అక్కడ ఇంత పెద్ద ల్యాబులు ఉండవు. కాబట్టి ఈ జబ్బు కూడా ఉండదు. గాజుపలక మీద కనబడిందంతా టీబీ అవుతుంది." నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. టీబీ అయితే పేరు రాసి సర్కారుకు పంపాలి, దీనికి అలా పంపే పట్టీ లేదు అని కూడా చెప్పాడు.

అక్కకు ఈ దేశాల గొడవ పట్టలేదు. నా మోచేయి గిల్లి, "అంటుతదా అడుగు" అంది. అడిగాను. ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి అంటదన్నాడు. "మళ్ళ అడుగు" అంది. మళ్ళీ అడిగాను. అంటదనే చెప్పాడు. "మనుమడిని ఎత్తుకోవచ్చునా అడుగు." ఎత్తుకోవచ్చు, ముద్దు కూడా పెట్టుకోవచ్చన్నాడు.

అక్క మొహంలో ఏదో కదిలింది. అప్పుడే డాక్టరు మందుల చీటీ రాసిచ్చాడు. బయట మందుల షాపులో గోలీలు తీసుకున్నాం. అందులో ఎర్ర గోలీ ఉంది. టీబీకి ఇచ్చే ఎర్ర గోలీయే అది, వేసుకుంటే మూత్రం ఎర్రగా వస్తుంది. అక్క ఆ గోలీని అయిదేళ్ళుగా ఎరుగును.

"టీబీ కాకుంటే టీబీ గోలీలెందుకు?"

"అన్నీ అవి కావక్కా, వేరేవి కూడా ఉన్నాయి. చుట్టాలు కదా, కొన్ని మందులు రెండింటికీ పనిచేస్తాయి."

"ఎన్నాళ్ళు?"

తెమడలో క్రిమి పోయాక కూడా ఇంకో ఏడాది మింగాలని డాక్టరు చెప్పింది చెప్పాను. అక్క మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది. "టీబీకి ఆరు నెలలే. గిది దాని తాత" అంది. ఆ ఆదివారం కూడా గడప దాటలేదు.

కొడుకు సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. వాడు హిందీ మీడియంలో చదివాడు, తెలుగు మాట్లాడతాడు కానీ చదవలేడు. చెప్పిందంతా విని, "మత్లబ్, టీబీ కాదు. పక్కా?" అన్నాడు. పక్కా అన్నాను.

"మరి మనోళ్ళల్ల ఇంకెవలకన్న ఉన్నదా చిన్నమ్మా?"

"తెలియదురా."

"ఒక్క అమ్మకే ఉన్నదంటే నా పెండ్లాం ఎట్ల నమ్ముతది? అమ్మకే నమ్మకం అయితలేదు."

వాడి మాట న్యాయంగానే తోచింది. మా గల్లీలో ఒక జబ్బును నమ్మాలంటే అది ఇంకో నలుగురికి వచ్చి ఉండాలి. డాక్టరు చెప్తే చాలదు. కాబట్టి నేను లెక్క తీయడానికి కూర్చున్నాను. దేశదేశాల పెద్ద మనుషులు చేయాల్సిన పని లింబాయత్‌లో ఒక తెలుగు టీచరు మీద పడింది. బడి నుంచి కొత్త నోటుబుక్కు తెచ్చుకుని స్కేలు పెట్టి గీతలు గీశాను. ఊరు. మనిషి. టీబీ గోలీలు ఎన్నిసార్లు. తగ్గిందా. చివరి గడి, ఇదేనా.

నేతపనివాళ్ళకు చుట్టరికాలు సాంచెలు ఎక్కడుంటే అక్కడే ఉంటాయి. మొదట భివండీలో ఉన్న మేనబావకు ఫోన్ చేశాను. టీబీ మందులు రెండుసార్లు వాడినా తగ్గనివాళ్ళు మీ దగ్గర ఉన్నారా అంటే ఆయనకు ఉత్సాహం వచ్చింది.

"రెండుసార్లా? మా తాన మూడుసార్లు మింగినోళ్ళు ఉన్నరు. భివండీ టీబీ అంటే మామూలుది కాదు మరదలా, సూరత్ టీబీ దాని ముంగట ఏం పనికొస్తది?"

ఆ మూడుసార్లవాళ్ళు ఇప్పుడెలా ఉన్నారని అడిగాను. ఒకాయన పోయాడట. ఒకామె దగ్గుతూ పనికి పోతోందట. వాళ్ళ తెమడ పెద్ద ల్యాబుకు పంపారా అంటే, "తెమడను ఎవడన్న ఊర్లు తిప్పుతడా?" అన్నాడు. చివరి గడిలో ‘తెలియదు’ అని రాశాను.

షోలాపూర్ వదిన అసలు ఒప్పుకోలేదు. "మా దిక్కు గసొంటి రోగాలు లేవమ్మా" అంది, మధ్యలో రెండుసార్లు ఆగి దగ్గింది. ఆ దగ్గేమిటని అడిగితే దుమ్మంది. ఎన్నాళ్ళ నుంచి అంటే, పెద్దపిల్ల పెళ్ళి ముందు నుంచి అంది. పెద్దపిల్లకు ఇప్పుడు ఇద్దరు పిల్లలు. చివరి గడిలో ‘తెలియదు’.

సిరిసిల్ల చిన్నాయన అందరికంటే జాగ్రత్తగా విన్నాడు. ఆయన వార్డు మెంబరుగా చేసిన మనిషి, వివరం తెలియందే ఏదీ మాట్లాడడు.

"రోగం పేరు చెప్పు బిడ్డా, నేను అర్సుకుంట."

"టీబీ కాని మైకోబాక్టీరియా చిన్నాయనా."

"టీబీ కాదని సమజైంది. పేరు చెప్పు."

"అదే పేరు."

"కాదు అనేది పేరెట్లయితది?" అన్నాడు చిన్నాయన. "నిన్ను నీ పేరేందంటే, మా అక్కను కాదు అని చెప్తవా?" నిజానికి చిన్నప్పుడు కార్ఖానా దగ్గర ఎవరు పేరడిగినా, మా అక్కను కాదు, దాని చెల్లెల్ని అనే చెప్పేదాన్ని. ఆయన మాత్రం పెద్దమనసుతో, సూరత్ నీళ్ళు పడనట్టున్నాయి, అక్కను సిరిసిల్ల పంపించు, ఇక్కడ గాలి మంచిది అన్నాడు. ఆ గాలి ఎలాంటిదో నేనెరుగుదును, అక్కడా సాంచెలే. చివరి గడిలో ‘తెలియదు’.

వారంపాటు ఫోన్లు చేశాను. పేజీ నిండింది. దగ్గేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు, తేల్చుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు. నా లెక్క ప్రకారం ఈ జబ్బు లోకం మొత్తంలో మా అక్కకు ఒక్కదానికే ఉంది. తర్వాతిసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ఆ నోటుబుక్కు డాక్టరుకు చూపించాను. నవ్వితే తిట్టి వద్దామనుకున్నాను. ఆయన ఒక్కో వరుసా వేలు పెట్టి, నాతో చదివించుకుని విన్నాడు. చివరి గడిని మాత్రం కాసేపు చూశాడు.

"మా పుస్తకాల్లో కూడా ఇంచుమించు ఇదే ఉంది" అన్నాడు.

ఈ మాటతో మనవడు చేతికి రాడు కదా. నేరుగా కోడలికి ఫోన్ చేశాను. ఆ పిల్లను తప్పు పట్టడానికి లేదు.

"నాకు అత్తమ్మను దూరం పెట్టాలని లేదు టీచర్. ఆమెనే వస్తలేదు. నేను రమ్మని పిలుస్త. గని డాక్టరు చెప్పింది నాకు రాసి ఇయ్యుండ్రి. నోటిమాట అయితే ఒకలు ఒకటంటరు, ఇంకొకలు ఇంకొకటంటరు. రాసి ఉంటే నేను చదువుకుంట, అత్తమ్మకు గూడ చదివి చెప్త."

డాక్టరు కాగితం ఇంగ్లీషులో ఉంది. దాన్ని తెలుగు చేసే బాధ్యత నాది. ఇక్కడ నేను చేసిన పని దాచకుండా చెప్పాలి. మామూలుగా నాలుగు ముక్కలు రాస్తే సరిపోయేది. కానీ పాతికేళ్ళుగా తెలుగు చెప్తున్నదాన్ని, నా పాత విద్యార్థినికి రాస్తున్నాను, అదీ వైద్యశాస్త్ర విషయం. రెండు రాత్రులు నిఘంటువు ముందేసుకుని కూర్చుని ఇలా రాశాను: ‘మీ అత్తగారికి సోకినది క్షయేతర మైకోబాక్టీరియా జనిత శ్వాసకోశ వ్యాధి. ఇది సాంక్రమిక స్వభావము గలది కాదు.’ కింద సంతకం పెట్టాను. ‘క్షయేతర’ దగ్గర నాకు ఎంత గర్వం కలిగిందంటే, దాన్ని ఇంకోసారి పైకి చదువుకున్నాను. కొడుకు చేతికిచ్చి పంపాను.

ఆ ఆదివారం వాళ్ళు గల్లీకి రాలేదు. అక్క గడపలో నిలబడి చూసింది. ఆటోలు వచ్చాయి, పోయాయి. పిల్లవాడికి ఒళ్ళు వెచ్చగా ఉండి ఉంటుందన్నాను. తర్వాతి ఆదివారమూ రాలేదు. అక్క మధ్యాహ్నం దాకా నిలబడి, లోపలికి పోయి, వేరే పెట్టుకున్న గిన్నెలో అన్నం పెట్టుకుని మెట్ల కింద కూర్చుని తిన్నది. దూరం నుంచి చూడటం కూడా పోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్లకు సంధులు నేర్పాను, బుద్ధి నేర్పలేకపోయాను అనుకుంటూ మర్నాడు బడి కాగానే కామ్‌రేజ్ బస్సెక్కాను.

తలుపు తీసిన కోడలి కళ్ళు వాచి ఉన్నాయి. నేను తిట్టడానికి నోరు తెరిచేలోపే నా ఉత్తరం తెచ్చి ముందు పెట్టింది. ‘క్షయేతర’ కింద ఎర్ర పెన్నుతో గీత ఉంది.

"టీచర్, గిది నిజమేనా? ఇంకేమేం ఉన్నయి అత్తమ్మకు?"

"ఇంకేమేం ఏమిటే?"

"మీరే రాసిన్రు గద. క్షయ, ఇతర. గుణసంధి. క్షయ ఉన్నది, ఇతరములు గూడ ఉన్నయి. అంటే టీబీ పోలేదు, దాని మీద ఇంకా వేరేవి పట్టినయి. కింద ‘స్వభావము గలది’ అని గూడ ఉన్నది. ఆ ‘కాదు’ ఏందో నాకు సమజ్ కాలే. ఆయనకు తెలుగు చదువ రాదు. ఆమెకు గన్ని రోగాలున్నయని నేనెట్ల చెప్పాలె? మొహం చూస్తే ఏడుపొస్తదని రాలేదు."

సంధి సరిగ్గానే విడదీసింది. అకారానికి ఇకారం పరమైతే ఏకారం, నేనే నేర్పాను. సమాసం దగ్గర తప్పింది. క్షయ కంటే ఇతరమైనది అని నా ఉద్దేశం. క్షయయును ఇతరములును అని దాని లెక్క. ఏడో తరగతిలో నేను దానికి ద్వంద్వ సమాసం చాలా శ్రద్ధగా చెప్పాను. పంచమీ తత్పురుష దగ్గరికి వచ్చేసరికి అది బడి మానేసింది. నా పాండిత్యం వల్ల ఒక ముసలిదానికి రెండు ఆదివారాలు పోయాయి.

తప్పు నాదేనని ఒప్పుకున్నాను. బడిలో పాతికేళ్ళలో ఒక్క విద్యార్థికీ ఆ మాట చెప్పి ఉండను. అదే కాగితం వెనక్కి తిప్పి, అది ఇచ్చిన ఎర్ర పెన్నుతోనే రాశాను: ‘ఇది టీబీ కాదు. ఒకరి నుంచి ఒకరికి అంటదు. పిల్లవాణ్ణి ఎత్తుకోవచ్చు.’

కోడలు చదువుకుంది. మళ్ళీ చదువుకుంది. "గిట్ల రాస్తే అయిపోయేది గద టీచర్" అంది. ఏడుస్తూనే టీ పెట్టడానికి లేచింది. ఆ టీలో చక్కెర వేయడం మరిచిపోయింది, నేనూ అడగలేదు.

ఆ ఆదివారం అక్కను బయల్దేరదీయడానికి పొద్దున్నంతా పట్టింది. కోడలు ఫోన్లో కాగితం చదివి వినిపించింది, మూడు వాక్యాలూ మూడుసార్లు. కొడుకు వచ్చి తీసుకుపోతానన్నాడు. చివరికి అక్క ఉతికిన చీర కట్టుకుంది. వాళ్ళ ఇల్లు రెండో అంతస్తులో ఉంది. మెట్ల మీద నాలుగుచోట్ల ఆగింది. ప్రతి మలుపులోనూ, "గింత దూరం వచ్చినం గద, గల్లీలకెల్లి చూసి పోదామా?" అని అడిగింది. నేను రెక్క పట్టుకుని నడిపించాను.

లోపలికి పోయాక కొడుకు కూల్‌డ్రింక్ తేవడానికి కిందికి దిగాడు. కోడలు పిల్లవాణ్ణి తెచ్చి అక్క చేతుల్లో పెట్టింది. వాడు కొత్త మొహం చూసి ఏడవలేదు. ముక్కుపుల్ల పట్టుకుని లాగాడు. అక్క నవ్వుతోంది, కానీ నవ్వు బిగుసుకుపోయి ఉంది. మెడ నరాలు ఉబ్బుతున్నాయి. ఏమైందో నాకు అర్థమయ్యేలోపే పిల్లవాణ్ణి గబుక్కున నా చేతికిచ్చి, గ్యాలరీలోకి పోయి రెయిలింగు పట్టుకుని రొప్పింది. ఊపిరి సర్దుకున్నాక వచ్చి మళ్ళీ చేతులు చాపింది. ఇచ్చాను. మళ్ళీ మొహం బిగుసుకుంది. అప్పుడు తెలిసింది, వాణ్ణి ఎత్తుకున్నంతసేపూ అది ఊపిరి పీల్చడం లేదు. పీల్చాలంటే వాణ్ణి నాకిచ్చి బయటికి పోయి పీల్చుకుని వస్తోంది. డాక్టరు చెప్పాడు, కాగితం చెప్పింది, నేను చెప్పాను. ఆ మనిషి అన్నింటికీ తలూపి, ఊపిరి బిగబట్టుకుని మనవణ్ణి ఎత్తుకుంటోంది.

మూడోసారి అది వాణ్ణి నాకివ్వబోతూ గ్యాలరీ వైపు తిరిగేసరికి కోడలు ముందే పోయి ఆ తలుపు మూసి గడియ పెట్టింది. తలుపుకు వీపు ఆనించి నిలబడింది.

"ఊపిరి ఈడనే తీస్కో అత్తమ్మా."

అక్క దానివైపు చూసింది, నా వైపు చూసింది. ఎటూ పోవడానికి లేదు. ఇంక ఆగక ఊపిరి వదిలింది, పీల్చింది. పీల్చగానే దగ్గొచ్చింది. చేతుల్లో పిల్లవాడు ఉన్నాడు, కొంగు అందలేదు. వాడి నెత్తి మీదే, వాడి మొహం మీదే, ఒంగిపోయి దగ్గింది.

కోడలు తలుపు దగ్గర నుంచి అంగుళం కదలలేదు. పిల్లవాడు కళ్ళు చికిలించి మళ్ళీ ముక్కుపుల్ల కోసం చెయ్యి చాపాడు.

కదిలింది నేను. ఎప్పుడు కదిలానో తెలియదు. చూసుకుంటే వాణ్ణి లాక్కోవడానికి నా రెండు చేతులూ అక్క ముందు చాచి ఉన్నాయి. వాటిని వెనక్కి తీసుకోవడానికి కూడా సిగ్గేసింది.

అక్క దగ్గు ఆపుకుని, పిల్లవాణ్ణి ఇంకొంచెం పొదివి పట్టుకుని, నా చేతుల వంక చూసింది.

"అంటదని చెప్పింది నువ్వే గదనే చెల్లే" అంది.